అష్టావక్రోపాఖ్యానము – దేహభావన

మనుష్యుడు తన దేహమును గూర్చి మనస్సున నిలుపుకొను రూపమునకును, అద్దమున కనబడు రూపమునకును భేదము కలదు. పాల్ షిల్డర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1935లో ఈ విషయముపై ఒక గ్రంథమునే వెలయించెను. ఆ మనోరూపమును దేహభావన యందము. తన దేహమును రోసి కుంగినవాడు దానిని ఆదరించు స్థితికి వచ్చుటకు ప్రేరణ ఎచ్చటనుండి లభించును? ఈ ప్రశ్నకు మన వాఙ్మయమున సమాధానము వెదకువారు తరచుగా అష్టావక్రుని పేర్కొందురు. పేర్కొనుట యుక్తమే. కాని వారు చెప్పు కథ వేరు, భారతకథ వేరు. ఈ భేదము సామాన్యమైనది కాదని మా యభిప్రాయము.

లోకమున వాడుకలో నున్న కథ యిది. ఎనిమిది వంకరల దేహముతో అష్టావక్రుడు జనకుని సభలో అడుగిడగా పండితులు నవ్విరట. చర్మమును చూచి విలువ కట్టువారు చర్మకారులే కాని పండితులు కారని యతడు వారిని సిగ్గుపరచెనట. ఉపన్యాసములందు ఈ కథ మిక్కిలి రాణించును.

వనపర్వమున లోమశుడు ధర్మరాజునకు చెప్పిన కథలో ఈ నవ్వు లేదు. అచ్చట ద్వారపాలకుడు అడ్డగించుట సత్యమే. కాని అడ్డగించినది వంకరలను చూచి కాదు, లేబ్రాయమును చూచి. తల నెరసినంత మాత్రమున ఎవడును పెద్ద కాడని బాలుడు బదులు చెప్పెను. పిమ్మట వందితో వాదము ఒకటి మొదలుకొని సంఖ్యలపై సాగెను. పదుమూడవ సంఖ్యకడ వంది సగము శ్లోకము చెప్పి నిలిచిపోగా, తక్కిన సగమును బాలుడు పూరించెను. ఆ సభలో అతని దేహమును ఆక్షేపించినవారు లేరు.

మరి దేహమునకు వంకరలెట్లు కలిగెను? తెలుగున ఏకపాదుడుగా ప్రసిద్ధుడైన కహోడుని అధ్యయనమున గర్భస్థశిశువు దోషము నెన్నెను. శిష్యుల నడుమ చిన్నబోయిన తండ్రి శపించెను. కావున ఆ వంకరలు శిశువు చేసిన పాపమునకు గుర్తులు కావు. ఒక గురువు అసహనమునకు గుర్తులు. అధ్యాపకులమైన మనము ఈ యంశమును మరువరాదు.

పండ్రెండవ యేట శ్వేతకేతువు అతనిని ఉద్దాలకుని ఒడినుండి లాగి, ఇది నీ తండ్రి ఒడి కాదనెను. అతనికి తగిలిన గాయమిది. తల్లియైన సుజాత నడిగి, తండ్రి వందిచే ఓడి నీట ముంపబడెనని తెలిసికొనెను. ఆ రాత్రియే ప్రయాణమయ్యెను. తన అవయవములు చక్కబడవలెనని అతడు కోరలేదు. తండ్రిని తెచ్చుకొనవలెనని కోరెను. ఆ తండ్రియే తనకు వంకరల నిచ్చినవాడు! చేయదగిన పని యొకటి కంటబడగా, ఆ దేహమే ఆ పనికి చాలినదయ్యెను. దేహము ఎట్లున్నదనుటకంటె ఏమి చేయగలదనుటను తలపోయుట మేలని నేటి మనశ్శాస్త్రజ్ఞులు చెప్పుటయు ఇట్టిదే.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. కథాంతమున తండ్రి మాటపై సమంగానదిలో మునుగగా అతని అంగములు చక్కనయ్యెను. కావున ఈ కథయు చక్కని దేహమునే బహుమతిగా ఎంచినది కదా యని అడుగవచ్చును. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. ఐనను క్రమమును గమనింపవలెను. భాగవతమున కుబ్జకు శ్రీకృష్ణుని స్పర్శచే మొదట దేహము చక్కనయ్యెను. ఆమె కోరిక తీరుట పిమ్మటిది. అష్టావక్రుడు వంకర దేహముతోనే గెలిచెను. సమంగాస్నానము ఆ గెలుపునకు కారణము కాదు.

ఇక లోకకథను గూర్చి మరియొక మాట. మేమును దానిని తరగతిలో పలుమారులు చెప్పియుంటిమి. ఒకనాడు తోళ్లపని చేయువారి యింట పుట్టిన విద్యార్థి పాఠము ముగిసిన పిదప మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, తోలు సంగతి తెలియడం తిట్టెట్లా అయింది?" అని యడిగెను. మేము బదులు చెప్పజాలకపోతిమి. ఆ ప్రత్యుత్తరము ఒకని దేహమునకు తగిలిన అవమానమును తుడువలేదు. మరియొకని కులవృత్తిపైకి నెట్టినది. నిందను చేతులు మార్చుట ఆదరము కానేరదు.

నాటినుండి మేము సభలోని నవ్వును విడిచి, ఉద్దాలకుని ఒడినుండి కథ నారంభించుచున్నాము. మూలమున లేని చమత్కారమును విడుచుట పరిశోధకునకు ధర్మము. ఇచ్చట అది విద్యార్థికిని ఉపకారమైనది.