ప్రజల మాట వినుట ఎందుకు? – బొలీవియా ఎన్నికల చిత్రంపై ఒక పరిశీలన

రేచల్ బోయింటన్ దర్శకత్వంలో 2005లో వెలువడిన ‘అవర్ బ్రాండ్ ఈజ్ క్రైసిస్’ అను డాక్యుమెంటరీ బొలీవియా 2002 అధ్యక్ష ఎన్నికలను గూర్చినది. మాజీ అధ్యక్షుడు గొంజాలో సాంచెజ్ దె లొసాడా గెలుపు కొరకు అమెరికా సలహాదారులు పనిచేశారు. ఓటర్లను చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి వారి భయాలు విన్నారు. దేశం సంక్షోభంలో ఉన్నదనే మాటనే ప్రచారానికి ఆయువుపట్టుగా చేశారు. ఆయన సుమారు 22.5 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచాడు. ఎవరికీ సగం ఓట్లు రానందున దేశ కాంగ్రెసు ఆయనను ఎన్నుకొన్నది. 2003 అక్టోబరులో సహజవాయువు ఎగుమతిపై ప్రజలు తిరగబడ్డారు. అణచివేతలో 50 మందికి పైగా చనిపోయారు. అక్టోబరు 17న ఆయన రాజీనామా చేసి అమెరికా వెళ్లిపోయాడు.

సలహాదారులను దుష్టులుగా చూపకపోవుట ఈ చిత్రానికి బలము. వారు శ్రద్ధగానే విన్నారు. అయితే విన్నది ఓటు కొరకే గాని భారము మోయుటకు కాదు. రెహబాము కూడా ఆలోచన అడిగాడు (1 రాజులు 12). ప్రజలకు దాసుడవు కమ్మన్న పెద్దల మాట త్రోసివేయగా రాజ్యము చీలిపోయింది.

ఒక లోపము చెప్పక తప్పదు. కెమెరా ఎక్కువగా సలహాదారుల వెంటనే నడిచింది. ఎల్ ఆల్టో పేదల కథ అంచులలో మిగిలిపోయింది.

సంఘస్థుల మాట మనమును వింటాము. మెచ్చుకోలు కొరకా, గాయము కట్టుటకా? ఈ ప్రశ్నతో చిత్రాన్ని చూడవలెనని మా మనవి.