పార్వతీశం టోపీ, రవి మెయిల్ చిరునామా: ఆత్మప్రదర్శనకు చూపరి ఎవరు?

ఉదయ్ గుర్రాల దర్శకత్వంలో 2021 జనవరిలో ‘ఆహా’లో విడుదలైన ‘మెయిల్’ చిత్రం, 2005 ప్రాంతంలో కంప్యూటరు అడుగుపెట్టిన ఒక తెలంగాణ పల్లె కథ. రూపంలో దీనిని ప్రయోగాత్మకమనడం అతిశయోక్తే. ప్రయోగమంతా వస్తువులో ఉంది. హైబత్ నడిపే కంప్యూటరు కేంద్రంలో రవి అనే యువకుడు మెయిల్ చిరునామా సంపాదిస్తాడు. కొన్నాళ్లకు ఆ చిరునామాకు లాటరీ తగిలిందన్న కబురు వస్తుంది. అతడు దానిని నమ్ముతాడు.

ఈ నమ్మకాన్ని అత్యాశగానో అమాయకత్వంగానో కొట్టివేయడం తేలిక. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ పక్కన పెట్టి చూస్తే విషయం వేరుగా కనిపిస్తుంది. గోదావరి డెల్టాలోని మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయలుదేరిన పార్వతీశం కూడా కొత్త ‘నేను’ను తయారుచేసుకోబోయినవాడే. దొరవేషం కోసం తెలియక ఆడవారి టోపీ కొంటాడు, చూసినవారు నవ్వుతారు. ఆ నవ్వు అతనికి అవమానమే, కాని దిద్దుబాటు కూడా. పైగా నవల ఉత్తమ పురుషలో సాగుతుంది కనుక, నవ్వులపాలైనవాడే ఆ నవ్వును కథగా మలచి చెప్పుకోగలిగాడు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1956లో నిత్యజీవితాన్ని రంగస్థలంతో పోల్చినప్పుడు ప్రేక్షకులు ఎదుట ఉన్నారన్నది ప్రధానమైన ఊహ. పార్వతీశం విషయంలో ఆ ఊహ చెల్లుతుంది.

రవి విషయంలో చెల్లదు. ఊరంతా ఎరిగిన కుర్రవాడు అతడు. ఇంటిపేరు, వాడకట్టు, తండ్రి ఎవరో చెప్పనక్కరలేదు. మెయిల్ చిరునామాలో ఇవేవీ ఉండవు. రోమన్ లిపిలో కొన్ని అక్షరాలు, ఒక రహస్యపదం, అంతే. టోపీ నలుగురికీ కనబడుతుంది, చిరునామా కనబడదు. అది ఉందని రుజువు కావాలంటే ఎవరో ఒకరు దానికి రాయాలి. ఆ రాసినవాడు మోసగాడు కావడంలోనే చిత్రం బలమంతా ఉంది. రవిని లాగినది డబ్బు ఒక్కటే కాదు, తన కొత్త పేరును ఎక్కడో దూరాన ఒకరు గుర్తించారన్న భావన కూడా.

హాస్యం మీది మక్కువతో చిత్రం ఈ ఒంటరితనాన్ని తొందరగా దాటిపోతుంది. అది లోపమే. పార్వతీశాన్ని చూసి నవ్వినవారికి ముఖాలున్నాయి. రవికి రాసినవాడికి ముఖం లేదు, అతని తప్పు దిద్దే అవసరం అంతకన్నా లేదు.