పువ్వు పుట్టగానే పరిమళించునా?

పువ్వు పుట్టగానే పరిమళించునని సామెత. ఐరోపాలోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు ఈ సామెతనే శాస్త్రముగా స్వీకరించినట్లున్నవి. ఎనిమిది, తొమ్మిదేండ్ల బాలురను చూచి, వీడు పనికివచ్చును, వీడు రాడు అని తేల్చుచున్నవి. ఈ తీర్పునకు గల ఆధారమెంత?

మొదటి లోపము వయస్సును లెక్కించుటలోనే ఉన్నది. ఒకే సంవత్సరమున పుట్టినవారినందరిని ఒకే జట్టుగా చేర్చుదురు. లెక్క జనవరి 1తో మొదలైనచో, జనవరిలో పుట్టిన బాలుడు డిసెంబరులో పుట్టినవానికంటె సుమారు 11 నెలలు పెద్దవాడు. పదేండ్ల వయసున 11 నెలలనగా జీవితములో దాదాపు పదవవంతు. ఎత్తులో, బలములో, పరుగులో మొదటివాడు మెరుగుగా కనిపించుటలో వింతలేదు. పరీక్షకుడు దానినే ప్రతిభ యని వ్రాసికొనును.

ఇది ఊహ కాదు. బెల్జియములో 1997లో ఈ లెక్కను ఆగస్టు 1 నుండి జనవరి 1కి మార్చిరి. అంతకుముందు బాలుర జట్లలో ఆగస్టు మొదలగు నెలలలో పుట్టినవారు అధికముగా నుండిరి. మార్పు తరువాత జనవరి మొదలగు నెలలవారు అధికులైరి. ప్రతిభ ఆగస్టు నుండి జనవరికి వలసపోదు గదా! మారినది కొలబద్ద మాత్రమే.

రెండవ లోపము దేహము ఎదుగు తీరును గమనింపకపోవుట. బాలురు అతివేగముగా పొడవు పెరుగు వయస్సు సగటున 14 ఏండ్ల ప్రాంతము. కాని కొందరికి అది ముందుగాను, కొందరికి ఆలస్యముగాను వచ్చును. పొట్టివాడని ఫ్రాన్సు క్లబ్బులు త్రోసిపుచ్చిన గ్రీజ్‌మన్ స్పెయిన్‌లో శిక్షణ పొంది, 2018లో ప్రపంచకప్పు గెలిచిన ఫ్రాన్సు జట్టులో ఆడెను. బాల్యమున ఆర్సెనల్ క్లబ్బు వదలివేసిన హ్యారీ కేన్ ఆ పోటీలోనే 6 గోల్సుతో అగ్రస్థానము పొందెను. అతడు జూలై చివర పుట్టినవాడు; ఇంగ్లండులో లెక్క సెప్టెంబరు 1తో మొదలగును. ఒకరిద్దరి కథలు రుజువులు కావు. కాని తీర్పు తప్పగలదని చెప్పుటకు చాలును.

అన్నిటికంటె పెద్ద లోపము మూడవది. ఎంపికైనవానికి మంచి శిక్షకుడు, మైదానము, పోటీలు లభించును. కానివానికి ఏదియు లేదు. పదేండ్ల తరువాత మొదటివాడు ముందుండిన, తన జోస్యము ఫలించినదని పరీక్షకుడు సంతసించును. రెండు విత్తులలో ఒకదానికే నీరుపోసి, రెండవది గొడ్డువిత్తని నిందించుట వంటిదే ఇది. తన తప్పును తాను ఎన్నడును చూడలేని పద్ధతి శాస్త్రము కానేరదు.

స్థలములు కొద్దియైనపుడు ఎంపిక తప్పదనుట నిజమే. కాని ఎంపిక వేరు, జోస్యము వేరు. దోషమును తగ్గించు ఉపాయములును గలవు. నెదర్లాండ్సులో జరిగి 2017లో ప్రకటితమైన పరిశోధనలో, పుట్టిన తేదీల పట్టికను చేతికిచ్చినను పరీక్షకుల పక్షపాతము పోలేదు. బాలుర చొక్కాల అంకెలను వయస్సు వరుసను వేసి చూపగా పోయినది. ఈ ఉపాయమునకు ఖర్చు లేదు. ఏ హైస్కూలు మైదానములోనైనను అమలు జరుపవచ్చును. అన్నిటికి మించి, ఈ ఏడు జట్టులో చోటు దొరకని పిల్లవానికి వచ్చే ఏడు తిరిగి పరీక్ష జరుపవలెను. కొన్ని పువ్వులు ఆలస్యముగా పూయును.