శ్రీకాకుళాంధ్రదేవుని సన్నిధిలో దయాదాక్షిణ్యాలు: ఆంధ్రనాయక శతకం, ఆముక్తమాల్యదల పరిశీలన

వ్యాససంగ్రహం: కృష్ణాతీరంలోని శ్రీకాకుళ ఆంధ్రమహావిష్ణువుతో ముడిపడిన ప్రసిద్ధ రచనలు రెండు. ఒకటి శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద, రెండోది కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం. భగవంతుని దయను ఈ రచనలు ఎలా భావించాయి, ఆ దయ మనిషి చేతికి వచ్చినప్పుడు పుచ్చుకునేవాని గౌరవం ఏమవుతుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దయ, దాక్షిణ్యం అనే రెండు మాటల మధ్య ఉన్న భేదాన్ని ఆధారం చేసుకొని పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: దాక్షిణ్యం, నిందాస్తుతి, శతకం, ఆతిథ్యం, మాలదాసరి, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

‘ఒకరి దయాదాక్షిణ్యాల మీద బతుకుతున్నాడు’ అని తెలుగులో ఎవరినైనా అంటే అది సానుభూతి కాదు, చులకన. అదే దయను భగవంతునికి అన్వయించినప్పుడు అడిగేవానికి అందులో చిన్నతనం తోచదు. ఇంద్రకీలాద్రి మెట్ల మీద అమ్మవారి ‘దయ’, గుణదల కొండ దగ్గర మరియమాత ‘కనికరం’, తెలుగు ముస్లిముల ప్రసంగాల్లో ‘అపార కరుణామయుడు’ - విజయవాడలో ఒక్క పూట తిరిగినవానికి ఈ మాటలన్నీ చెవిన పడవచ్చు. అన్నింటిలోనూ అడిగేవాడు కింద, ఇచ్చేవాడు పైన. దేవుని విషయంలో ఈ ఎత్తుపల్లాలు ఎవరినీ బాధించవు. మనిషికి మనిషి దయ చూపిన చోటనే అవి నొప్పిస్తాయి.

అయితే ఈ నొప్పికి మందు కూడా మన భాషలోనే ఉంది. గుమ్మంలోకి వచ్చిన అతిథిని ‘దయచేయండి’ అంటాం. వారు రావడమే మన మీద చూపే దయ అని ఆ మాటకు అర్థం. ఇక్కడ పెట్టేవాడు ఒదిగి ఉంటాడు, తినేవాడు పైన ఉంటాడు. ఒకే మాట రెండు దిక్కులా నడుస్తున్నదన్నమాట.

దాక్షిణ్యం సంగతి వేరు. అలంకారశాస్త్రంలో దక్షిణనాయకుడు అనేక నాయికల పట్ల సమానమైన ఆదరం చూపేవాడు, ఎవరి మనసూ నొప్పించలేనివాడు. అతని గుణం దాక్షిణ్యం. అది గుండె కరగడం వల్ల కలిగేది మాత్రమే కాదు, ఎదుట నిలిచినవారిని కాదనలేకపోవడం వల్ల కూడా కలుగుతుంది. వాడుకలోని ‘ముఖదాక్షిణ్యం’ దీన్నే తేటగా చెబుతుంది. ముఖం చూసి లేదనలేకపోవడమే ముఖదాక్షిణ్యం. దయకు ఎదుటి మనిషి కనబడనక్కర లేదు. ఎక్కడో ఉన్నవారి మీద కూడా కలగవచ్చు. దాక్షిణ్యానికి మాత్రం ముఖాముఖి కావాలి. ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని చదివితే ఆంధ్రనాయక శతకం కొంత భిన్నంగా కనిపిస్తుంది.

2. ఆంధ్రనాయక శతకం: దేవుణ్ణి మొహమాటపెట్టడం

కాసుల పురుషోత్తమకవి దివిసీమలోని పెదప్రోలు వాస్తవ్యుడు, పద్దెనిమిదో శతాబ్ది ఉత్తరార్ధానికి చెందినవాడు. చల్లపల్లి సంస్థానంతో సంబంధం ఉన్నవాడు. ఆంధ్రనాయక శతకంతో పాటు హంసలదీవి గోపాల శతకం కూడా రచించాడు. ఆంధ్రనాయక శతకం సీసపద్యాలలో సాగిన నిందాస్తుతి. దాని మకుటంలో భగవంతునికి వేసిన సంబోధనల్లో ‘దాక్షిణ్యభావ’ అన్నది ఒకటి. దయామయుడనో కరుణానిధి అనో అనకుండా కవి ఈ మాటనే ఎందుకు ఎన్నుకున్నాడు? ప్రాస కోసమో నడక కోసమో అని సరిపెట్టుకోవచ్చు. కాని నూరు పద్యాలకు పైగా తిరిగి తిరిగి వచ్చే మాటను అంత తేలికగా తీసుకోవడం కవికి న్యాయం చేసినట్లు కాదు.

నిందాస్తుతిని వివరించే సామాన్య పద్ధతి ఒకటుంది: పైకి నింద, లోపల స్తుతి అని. ఆ వివరణ తప్పు కాదు గాని, నిందను అది మరీ తొందరగా కొట్టివేస్తుంది. ఈ శతకంలో నింద పద్యం పొడవునా నడుస్తుంది. స్తుతి మకుటంలో నిలబడి ఉంటుంది. ప్రతి పద్యం చివరా ‘దాక్షిణ్యభావ’ అని పిలవడం అప్పు అడగబోయేవాడు ‘తమరు కాదనే మనిషి కారు’ అని మొదలుపెట్టడం వంటిది. అది పొగడ్తే, కాని ఆ పొగడ్త ఎదుటివానికి తప్పించుకునే దారి మూసివేస్తుంది. పురుషోత్తమకవి దేవుణ్ణి దయ చూపమని ప్రాధేయపడడం కంటె మొహమాటంలో పెట్టడమే ఎక్కువగా చేశాడని నా అభిప్రాయం.

బాగా ప్రచారంలో ఉన్న ఒక పద్యాన్ని చూడవచ్చు. భూదేవి భార్య కావడం వల్ల నీకు లోకభారం మోసేవాడనే పేరు వచ్చింది, లక్ష్మి ఇల్లాలు కావడం వల్ల కోరిందల్లా ఇచ్చేవాడివన్న ఘనత వచ్చింది, బ్రహ్మ కొడుకు కావడం వల్ల పెద్ద సంసారివన్న బలిమి వచ్చింది, గంగ కూతురు కావడం వల్ల పతితపావనుడన్న ఖ్యాతి వచ్చింది అని కవి లెక్క చెబుతాడు. పేరంతా ఆలుబిడ్డలు తెచ్చినదే, నీవు మొదటినుంచీ దామోదరుడవే అని ముగిస్తాడు. దామోదర శబ్దంలో పొట్టకు తాడు కట్టిన బాలకృష్ణుడూ ఉన్నాడు, కడుపు మాడిన పేదవాడూ ఉన్నాడు.

ఈ శ్లేషను అందరూ మెచ్చుకున్నారు. పద్యంలోని లెక్క కూడా అంతే ముఖ్యం. కామితార్థదుడు, పతితపావనుడు అన్నవి భగవంతుని దయకు గుర్తులైన బిరుదులు. ఆ రెండు బిరుదులూ యజమానివి కావు, ఇంట్లో పనిచేసేవారివి అని కవి తేల్చాడు. ఇల్లు నడిపేది ఒకరు, ఊళ్ళో పేరు మరొకరికి అన్నది ఏ రైతు ఇంటి అరుగు మీదైనా వినబడే వ్యాఖ్య. దైవకరుణను కవి ఆ అరుగు మీది కొలతతోనే కొలిచాడు. దేవుణ్ణి తక్కువ చేశాడనడం కంటె దయను మానవ కుటుంబ వ్యవహారంగా మార్చాడనడం సబబు.

ఈ శతకరచనకు నేపథ్యంగా స్థానికంగా ఒక కథ చెప్పుకుంటారు. అప్పటికి శ్రీకాకుళం గుడి పాడుపడి, ధూపదీప నైవేద్యాలు కరువై ఉన్నదనీ, ఈ పద్యాల వల్లనే చల్లపల్లి ప్రభువు దాని ఉద్ధరణకు పూనుకున్నాడనీ ఆ కథ. దీన్ని చరిత్రగా నిరూపించడం ఈ వ్యాసం పని కాదు. శతకాన్ని ఆ ప్రాంతపు జనం ఎలా అర్థం చేసుకున్నారో చెప్పే సాక్ష్యంగా తీసుకుంటే చాలు. దేవుణ్ణి ఉద్దేశించిన పద్యాన్ని మనిషి విన్నాడు, వినవలసిన మనిషే విన్నాడు అని వారు నమ్మారు. అంటే దయ అడిగించుకునేవాడే ఒకరి దయ కోసం ఎదురుచూస్తున్న స్థితి ఇది. గర్భగుడిలో దీపానికి నూనె ఎవరో పోయాలి కదా.

దివిసీమ చరిత్ర తెలిసిన చదువరికి ఈ శతకంలోని నిలదీత వట్టి చమత్కారంగా వినిపించదు. 1855లో విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యేవరకు ఈ నేల వానకూ వరదకూ వదిలేసినదే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమంది ప్రాణాలు తీసింది. పురుషోత్తమకవి ఆ ఉప్పెనకు ఎంతో ముందటివాడు. అయినా దేవుని దయను లెక్క అడిగే ఆయన గొంతు ఆ సీమ గొంతే.

ఇంత చెప్పినా శతకానికి ఒక పరిమితి ఉంది. అందులో ఉన్నది కవి, దేవుడు మాత్రమే. మనిషి మరో మనిషికి దయ చూపే ఘట్టాన్ని వెదకాలంటే అదే దేవుడు కోరి రాయించుకున్నాడని చెప్పే కావ్యం వద్దకు వెళ్ళాలి.

3. ఆముక్తమాల్యద: విష్ణుచిత్తుని పంక్తి

కళింగ దండయాత్రలో విజయవాడ మీదుగా వచ్చి, శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉన్న రాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి, గోదాదేవి వివాహకథను తెలుగులో చెప్పమన్నాడని కావ్యావతారిక. కల కృష్ణాతీరంలో వచ్చింది, కథ తమిళదేశంలో జరిగింది. దేవుడు తన పరాక్రమం చెప్పమనలేదు; ఒక తోటమాలి వంటి భక్తుని ఇంటి కథ చెప్పమన్నాడు.

ఆ ఇంటిలో నిత్యం జరిగే పని అతిథులకు అన్నం పెట్టడం. ఋతువును బట్టి భోజనం మారుతుంది. వానాకాలంలో పోపు వేసిన కూరలు, వడియాలు, వరుగులు. ఎండకాలంలో చలవచేసే చారు, మజ్జిగ, చెరకు పాలు. చలికాలంలో మిరియాల ఘాటు. ఈ వర్ణన రాయల లోకజ్ఞానానికి ఉదాహరణగా తరగతి గదుల్లో చాలాసార్లు చెప్పబడింది. నా దృష్టి భోజన పదార్థాల మీద లేదు. ప్రతి ఋతువులోనూ తినేవాని దేహానికి ఏది హితమో ఆలోచించి పెట్టడం మీద ఉంది. తనకు ఉన్నది పెట్టడం దానం. ఎదుటివానికి కావలసినది పెట్టడం దాక్షిణ్యం.

మరో పద్యం ఉంది. నడిరేయి ఆ ఇంటి దగ్గర చెవి ఒగ్గి వింటే ఏం వినపడుతుందో చెప్పే పద్యం అది. ఒకవైపు ద్రవిడ ప్రబంధ పఠనం, మరోవైపు విష్ణుచిత్తుడు వచ్చినవారితో అనే మన్నింపు మాటలు. కూరలు అట్టే లేవని, వేడిగా లేవని, పిండివంటలు లేవని, అన్నం కూడా అంత బాగా లేదని చెప్పి, కృపతో భుజించమని వేడుకుంటాడు. ఈ వేడుకోలును వినయానికి నిదర్శనంగా మాత్రమే తీసుకోవడం సరిపోదు. అందులో ‘కృప’ ఎవరిది? అన్నం పెట్టేవానిది కాదు, తినేవానిది. భగవంతుణ్ణి అడిగేటప్పుడు భక్తుడు వాడే మాటను విష్ణుచిత్తుడు ఆకలితో వచ్చిన బాటసారి ముందు వాడాడు. ‘దయచేయండి’ అన్న వాడుకలో ఉన్న ఎత్తుపల్లాల తారుమారు ఇక్కడ పూర్తి ఆచరణగా కనిపిస్తుంది. అర్ధరాత్రి ఇతరుల ఇంటి గుమ్మం ఎక్కినవానికి సహజంగా ఉండే సిగ్గును ఆ మాట తీసివేస్తుంది. దయాదాక్షిణ్యాల మీద బతకడంలోని చులకనకు మన సాహిత్యంలో ఇంతకంటె మంచి సమాధానం నాకు కనిపించలేదు.

4. మాలదాసరి: ఇవ్వగలవాడు ఎవడు?

విష్ణుచిత్తునికి ఇల్లు ఉంది, ఇంట్లో వంట ఉంది. ఏమీ లేనివాడు ఏం ఇస్తాడు? ఆరవ ఆశ్వాసంలోని మాలదాసరి కథ ఈ ప్రశ్నకు సమాధానంగా చదవదగ్గది. కథకు మూలం వరాహపురాణంలో ఉంది. దాసరి రోజూ తెల్లవారుజామున కురుంగుడి నంబిని మంగళకైశికి రాగంలో పాడి కొలుస్తాడు. లోపలికి పోలేడు కనుక వెలుపల నిలిచే పాడతాడు. ఒకనాడు వేళ తప్పి బయలుదేరి, దారి తప్పి, కుంభజానువనే బ్రహ్మరాక్షసునికి చిక్కుతాడు. పాడి తిరిగివస్తానని ఒట్టు పెట్టి వెళ్ళి, అన్నట్టే వస్తాడు. ఆ సత్యానికి చలించిన రాక్షసుడు అతణ్ణి తినడం మాని, పాట ఫలాన్ని తనకు ధారపోసి ఆ రూపం నుంచి విడిపించమని కాళ్ళు పట్టుకుంటాడు. దాసరి మొదట ఒప్పుకోడు. చివరకు జాలిపడి ఇస్తాడు.

భగవంతుని నోటనే వెలువడిన ఈ కథకు ప్రకటిత ప్రయోజనం గానసేవ మహిమ. దయ అందులో పక్క దారిన వచ్చింది. అయినా కథను నిలబెట్టింది అదే. రాక్షసుడు పూర్వజన్మలో బ్రాహ్మణుడు, చదువుకున్నవాడు. గుడి దాపునే ఉన్నది, దేవుడూ ఉన్నాడు. కాని దైవకృప అతనికి నేరుగా అందలేదు. గుడి బయట నిలబడే మనిషి చేతి మీదుగానే అందింది. దాసరి వెంటనే ఒప్పుకోకపోవడం కూడా గమనించదగ్గది. అడిగిన వెంటనే ఇచ్చి ఉంటే అతడు ఒక మహిమకు వాహకంగా మిగిలేవాడు. కాదనే అధికారం ఉన్నవాడు అవునన్నప్పుడే అది దయ. రాయలు ఆ అధికారాన్ని మాలదాసరికి ఇచ్చాడు.

ఈ కథను వైష్ణవంలోని సమతాదృష్టికి ఉదాహరణగా చూపడం పరిపాటి. ఆ వాదాన్ని నేను సగమే అంగీకరించగలను. బ్రహ్మరాక్షసుని విమోచనకు దాసరి పాట చాలింది. దాసరి గడప దాటడానికి మాత్రం అది చాలలేదు. కథ దృష్టి ఆ గడప మీదికి మళ్ళనే లేదు. ఇవ్వగల యోగ్యతను కావ్యం గుర్తించింది, లోపలికి వచ్చే హక్కును ప్రశ్నగా కూడా తలచలేదు. పదహారో శతాబ్దిలో ఒక చక్రవర్తి అంతకు మించి రాయగలిగేవాడా అన్నది వేరే చర్చ.

5. ముఖం లేనిచోట దాక్షిణ్యం

ఆ ప్రశ్నను వేసింది 1941 నాటి జాషువ గబ్బిలం. ఆకలితో ఉన్న అరుంధతీసుతుడు తన గోడును కాశీ విశ్వేశ్వరునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. పూజారి లేని సమయం చూసి చెవిలో చెప్పమంటాడు. ఇతడూ పురుషోత్తమకవిలాగే దేవుణ్ణి నిలదీసేవాడే. కాని ఇద్దరి స్థితిలో ఒక భేదం ఉంది. పురుషోత్తమకవి సంబోధనలో స్వామి ముఖం ఎదుటనే ఉంది. ‘దాక్షిణ్యభావ’ అని పిలిచి మొహమాటపెట్టడం అందువల్లనే ఆయనకు సాధ్యమైంది. గడప బయట ఉన్నవానికి ఆ వెసులుబాటు లేదు. ముఖం చూడనివ్వని చోట ముఖదాక్షిణ్యం పుట్టదు. కనుకనే జాషువ నాయకునికి దూత కావలసి వచ్చింది, ఆ దూత కూడా మనిషి కాకూడదు.

ఇలా చూసినప్పుడు నిందాస్తుతి అనే ప్రక్రియను కేవలం అలంకార విశేషంగా కాక, దేవుని ఎదుట నిలబడగలిగినవారి సౌకర్యంగా కూడా పరిశీలించవలసి ఉంటుంది. గుడి లోపలి శతకాలు, గుడి బయటి పాటలు అన్న విభజనతో డెల్టాలోని భజనకీర్తనలు, దాసరుల తత్త్వాలు తిరిగి చదవడానికి అవకాశం ఉంది. పురుషోత్తమకవిదే అయిన హంసలదీవి గోపాల శతకాన్ని అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ గోపాలుణ్ణి కవి ఏ స్వరంతో పిలిచాడో, శ్రీకాకుళంలో వాడిన మొహమాటపు తర్కం అక్కడ కూడా చెల్లిందో లేదో పద్యం వెంట పద్యంగా పోల్చి చూడవలసి ఉంది.