పేరు కుట్టిన కాంథా, పేరు లేని బొంత

విశాఖ వాళ్ళకి బొంత అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పాత కోకల్ని పొరలుగా పరిచి, పెద్ద సూదితో ఈ చివర నుంచి ఆ చివరకు టాకాలు వేసుకుంటూ పోతారు. బెంగాలీల కాంథా పుట్టుక కూడా అదే. కట్టి కట్టి మెత్తబడిన చీరలు, పొరలు, అదే టాకా.

అయితే ఆ టాకాతోనే బెంగాలీ స్త్రీ బొమ్మలు వేసింది. నడుమ తామర, మూలల్లో చెట్లు, చుట్టూ ఏనుగులు, పల్లకీలు. రంగు దారం కావాలంటే చీర అంచులోంచే పోగులు లాగింది. కోల్‌కతా శివారు జోకాలోని గురుసదయ్ మ్యూజియంలో మానదాసుందరి దాసి తన తండ్రి కోసం కుట్టిన 19వ శతాబ్దపు కాంథా ఉంది. ఎవరు కుట్టారో, ఎవరికి కుట్టారో అందులో అక్షరాలతో సహా ఉంది.

మన బొంత మీద ఎవరి పేరూ ఉండదు. కానీ కుట్టినావిడ మనసు ఆ ముక్కల ఎంపికలో ఉంటుంది. పసిబిడ్డ ఒంటికి తగిలే పైపొరకు ఇంట్లో అన్నిటికంటే మెత్తని చీరే కావాలి. పోయిన అత్తగారి చీరను పారేయడానికి చేతులు రాక బొంతలో కలుపుకుంటారు. పోర్టు కళాసీ ఇంటి బొంతలో లోపలి పొర ఖాకీ చొక్కాదై ఉండొచ్చు. అది బయటికి కనబడదు, కుట్టిన మనిషికి మాత్రం తెలుసు. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ ఊళ్ళో మిస్సోరీ పెట్వే అనే నల్లజాతి స్త్రీ చనిపోయిన భర్త పనిబట్టలతో 1942లో బొంత కుట్టుకుంది. ఆవిడ దుఃఖం మన గడపలకు కొత్తది కాదు.

కాంథా చూడవచ్చినవాళ్ళందరితో మాట్లాడుతుంది, బొంత ఇంట్లోవాళ్ళతోనే మాట్లాడుతుంది. ఇంతవరకూ తేడా నిజమే. కానీ కాంథాలన్నీ బొమ్మలవే అనుకుంటే పొరపాటు. చలికి కప్పుకునే సాదా లేప్ కాంథాలు వాడకంలో చిరిగిపోయాయి, అపురూపంగా కుట్టినవాటిని దాచుకున్నారు. మ్యూజియానికి చేరిన కాంథాను మంచం మీద అరిగిపోయిన బొంత పక్కన పెట్టి, అది కళ, ఇది అవసరం అనడం నాకు న్యాయంగా తోచదు. అలాగని మానదాసుందరి పనితనాన్ని తగ్గించలేం. ఒక మామూలు గృహిణి తన పేరు తానే బట్ట మీద నిలుపుకోవడం ఆ కాలానికి చాలా పెద్ద సంగతి.

పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు, అంటే బొమ్మల కాంథాకు, 2008లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కింది. మన బొంతకు ముందుగా కావలసింది అంతకంటే చిన్న పని. మీ ఇంట్లో బొంత ఉంటే, కుట్టిన పెద్దావిడ ఉండగానే పక్కన కూర్చుని ఏ ముక్క ఎవరిదో అడిగి రాసిపెట్టండి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం అలాంటి బొంతలు కొన్నింటిని ఆ రాతతో సహా తీసుకుని, కుట్టినవాళ్ళ పేర్లు పెట్టి ప్రదర్శించాలి.