మనిషి కొలతకు సీటు

ఆరడుగుల మనిషి పాత పికప్ ఎక్కి కూర్చుంటే తల పైకప్పుకు తగులుతుందేమోనని చూసేవాళ్ళందరూ అనుకుంటారు. నిజానికి అతని కష్టం మోకాళ్ళ దగ్గర మొదలవుతుంది. సీటుకూ పెడళ్ళకూ మధ్య దూరం చాలక కాళ్ళు మడతపడతాయి. మోకాళ్ళు స్టీరింగుకు అటూ ఇటూ లేచి నిలబడతాయి. క్లచ్ తొక్కి వదిలిన ప్రతిసారీ ఎడమ మోకాలు స్టీరింగు అంచుకు రాసుకుంటుంది. కాళ్ళకు చోటు చేసుకోవాలని నడుము ముందుకు జారుతుంది, వీపు గూనిలా వంగుతుంది. ఇంత వంగినా కళ్ళు అద్దం పై అంచు దగ్గరే ఉంటాయి కాబట్టి సిగ్నలు చూడాలన్నా, ఘాట్ రోడ్డులో పై మలుపు చూడాలన్నా మెడ దించక తప్పదు. నడిగడ్డ నుంచి సీడ్ పత్తి, వనపర్తి వైపు నుంచి వేరుశనగ, కొల్లాపూర్ నుంచి మామిడి ఎత్తుకొని 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదుకు కిరాయిలు తోలే డ్రైవరు ఈ భంగిమలో నాలుగైదు గంటలు కూర్చోవాలి, అన్‌లోడు కాగానే మళ్ళీ అలాగే తిరిగి రావాలి. ఈ బాధను పోగొట్టే పనితనం మన తాలూకా పట్నాల్లోనే ఉంది. సీట్లు కుట్టే షాపుల్లో, వాటి పక్కనే ఉండే వెల్డింగ్ షెడ్లలో అది నడుస్తోంది. దాన్ని అతుకుల పని అని తేలిగ్గా తీసెయ్యడం అన్యాయం. మనిషిని కూర్చోబెట్టి, కొలిచి, ఆ కొలతకు చోటు చేయడం అసలైన ఇంజినీరింగు పద్ధతి. దానికి ఆ గౌరవం దక్కాలి, రాత కూడా దక్కాలి.

క్యాబిన్ ఇరుకుగా ఎందుకు ఉంటుందో ముందు తేల్చుకోవాలి. మనదేశపు మగవాళ్ళ సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ప్రచురించిన దేబ్‌కుమార్ చక్రవర్తి గ్రంథం భారతీయుల శరీర కొలతలను డిజైనర్ల కోసం ఒకచోట చేర్చింది. ఆ సగటుకు అమరిన బండిలో 180 సెంటీమీటర్ల మనిషి ఇమడడన్నది మామూలుగా చెప్పే కారణం. అది సగం నిజమే. ఎత్తైన మనుషులున్న అమెరికాలోనూ పాత పికప్‌లు ఇరుకే. ఫోర్డు కంపెనీ తన పికప్‌లలో పెట్రోలు ట్యాంకును క్యాబిన్ లోపల, సీటు వెనకే పెట్టి, 1973 మోడలుకు గానీ బయటికి తీయలేదు. అన్నేళ్ళూ అక్కడి పొడవాటి డ్రైవరు సీటు వెనక్కి జరగలేదు. మహీంద్రా మన దేశానికి తెచ్చిన విల్లీస్ నమూనా జీపులో ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండేది, అందువల్ల ఆ సీటు కిందికి దిగదు. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో ముందు సీట్ల కింద ఇంజినే ఉంది. 1986 నాటి టాటా 407లో ఇంజిన్ కొంత మేర క్యాబిన్‌లోకి చొచ్చుకొని వస్తుంది, డ్రైవరు కాళ్ళు దాని పక్కన సర్దుకోవాలి. మనిషి చుట్టూ యంత్రాన్ని ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి ఇరుకు పుడుతుంది, ఒక్కో బండిలో ఒక్కో వైపు నుంచి పుడుతుంది. కాబట్టి అన్ని బండ్లకూ పనికొచ్చే ఒకే మందు ఉండదు. ఈ బండిలో ఈ మనిషికి చోటు ఎటు దొరుకుతుందో వెతికి పట్టుకోవడమే మేస్త్రీ పని.

ఆ వెతుకులాట ఎలా సాగాలో తెలియాలంటే గద్వాల చీర నేసే గుంట మగ్గాన్ని చూస్తే చాలు. నేతగాడు నేల మట్టానికి కూర్చొని కాళ్ళు గుంటలోకి దించుతాడు. తొక్కుడు చెక్కలు కాళ్ళకు అందాలి, నేత చేతికీ కంటికీ అందాలి. ఈ రెండూ కుదిరేలా గుంట లోతును, కూర్చునే చోటును సర్దుకుంటారు. బండి క్యాబిన్‌లోనూ కదలని చోట్లు రెండే. కింద పెడళ్ళు, ఎదురుగా అద్దంలోంచి కనిపించాల్సిన రోడ్డు. పాదం, కన్ను ఎక్కడ ఉండాలో ఆ రెండే నిర్ణయిస్తాయి, మధ్యలో ఉన్న నడుమును వాటికి తగ్గట్టు జరపాలి. అందుకే మంచి మేస్త్రీ ముందు డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి క్లచ్ చివరిదాకా తొక్కమంటాడు. అడుగంటా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. పూర్తిగా సాగిందంటే సీటు ఎక్కువ దూరమైనట్టు, అప్పుడు ప్రతి క్లచ్‌కూ నడుము కదులుతుంది. తర్వాత తొడకూ స్టీరింగు కింది అంచుకూ మధ్య పిడికిలి పట్టాలి, తలకూ పైకప్పుకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. కళ్ళు అద్దం ఎత్తులో సగానికి కాస్త పైన ఉండాలి. టేపు తీయకముందే ఈ గుర్తులతో, ఏ వైపు ఎన్ని అంగుళాలు కావాలో తెలిసిపోతుంది.

చాలామంది చేసే పొరపాటు సీటును ముందు కిందికి దించడం. పెడళ్ళు కదలవు కాబట్టి నడుము దిగినకొద్దీ మోకాళ్ళు ఇంకా పైకి లేస్తాయి, తొడ బరువంతా పిరుదుల మీద పడుతుంది. ముందు వెనక్కి జరపాలి, ఆ తర్వాతే దించాలి. వెనక గోడ అడ్డమైతే చోటు దొరికేది వీపు దిండు మందంలోనే. పాత సీట్ల వీపు దిండు నాలుగైదు అంగుళాల మెత్తటి స్పాంజితోనో, రబ్బరు పట్టించిన కొబ్బరి పీచుతోనో ఉంటుంది. దాన్ని తీసేసి గట్టి ఫోమును రెండు అంగుళాలకు కోసి అమరిస్తే గోడ కదలకుండానే రెండు మూడు అంగుళాలు మిగులుతాయి. వీపును నిటారుగా కాకుండా కొద్దిగా వెనక్కి వాల్చి, నడుము వంపు దగ్గర ఒక పొర ఎక్కువ వేస్తే డ్రైవరు ముందుకు జారడు. కూర్చునే దిండు విషయంలో మందం తగ్గించడంతో పాటు పొడవు పెంచాలి. పొడవాటి మనిషి తొడ పొడవు. పొట్టి దిండు మీద తొడలో సగం గాలిలో వేలాడుతుంది, ఆ కాలితోనే రోజంతా ఎక్సలేటర్ పట్టుకోవాలి. ముందు అంచున రెండు అంగుళాలు కలిపి, ఆ అంచును కాస్త ఎత్తి, కొసను గుండ్రంగా కోస్తారు. దిండు అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు మాత్రం వదలాలి, లేకపోతే అక్కడ రక్తనాళాలు నొక్కుకొని కాలు తిమ్మిరెక్కుతుంది.

ఫోము పలుచనైతే కుదుపు ఎక్కువ తగులుతుందని డ్రైవర్లే అడ్డు చెబుతారు. ఈ మాటను తీసిపారేయలేం, ఎందుకంటే ఖాళీ పికప్ కమాన్ కట్టల మీద ఎగిరే ఎగురుడు నడిపేవాళ్ళకు తెలుసు. అయితే కూర్చున్న మనిషి వెన్నును బాగా బాధించేది సెకనుకు దాదాపు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కంపనం. మందంగా, మెత్తగా ఉన్న స్పాంజి సరిగ్గా ఆ వేగం దగ్గరే ఊగి దాన్ని పెంచుతుంది. షాపులో చేత్తో నొక్కి చూసినప్పుడు హాయిగా అనిపించిన సీటు నూరు కిలోమీటర్ల తర్వాత నడుము పట్టేసేది ఇందుకే. గట్టి ఫోము కింద, దాని మీద ఒక అంగుళం మెత్తటి పొర, వాటి కింద బిగువుగా లాగిన పట్టీలు ఉంటే మందం తక్కువైనా దిండు అడుగంటదు. అడుగంటిందో లేదో కూర్చున్న మనిషి కింద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇక వంకరగా కూర్చున్న వెన్నుకు ఏ ఫోమూ మేలు చేయదు. కుదుపు నుంచి కాపాడేదాంట్లో కూర్చునే తీరుకు సగం వాటా ఉంది.

బెంచి సీటున్న బండ్లలో ఇంకో చిక్కు. సీటు మొత్తం ఒకే ముక్క కాబట్టి డ్రైవరు కోసం వెనక్కి జరిపితే పక్కన కూర్చునే పొట్టి క్లీనరు కాళ్ళు ఆనవు. డ్రైవరు భాగాన్ని విడదీసి దానికి వేరే ఫ్రేము, సీటు ముందుకూ వెనక్కూ జరిగే వేరే రన్నర్లు వేయడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా విలువైన మార్పు, ఎందుకంటే సొంత బండి కానివాడికీ అది పనికొస్తుంది. పగలొకరూ రాత్రొకరూ తోలే బండిలో పొడవాటివాడి కోసం చేసిన సీటు మిగతావాళ్ళకు శిక్ష కాదా అని ఓనర్లు అడిగేది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు రన్నరులో ఉంది. పొడవాటివాడి కోసం వెనక వైపు మూడు అంగుళాల దారి కలిపినప్పుడు ముందు వైపు దారి ఎక్కడికీ పోదు, పొట్టివాడు సీటును ముందుకు లాక్కొని కూర్చుంటాడు.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం భద్రతది. పికప్ సీటు అంటే ఇంట్లో కుర్చీ కాదు, గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఉంచేది అదే. ఈ పనికి నా మద్దతు కొన్ని హద్దుల లోపలే. స్టీరింగు రాడ్డును కోసి అతకడం, దాని వంపు మార్చడం ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకూడదు. పవర్ స్టీరింగు లేని బండికి చిన్న చక్రం వేస్తే మోకాళ్ళకు చోటు దొరుకుతుంది, కానీ లోడు మీద తిప్పేటప్పుడు చేతికి బలం చాలదు, బీచుపల్లి వంతెన మీద తేడా తెలియకపోవచ్చు గానీ మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. సీటు ఫ్రేమును రేకు మీద అతికించకూడదు, కంపెనీ ఇచ్చిన బోల్టు చోట్లకే మందమైన పట్టీతో బిగించాలి. సీటు వెనక్కి జరిగాక బెల్టు భుజం మధ్యలో పడుతోందా, మెడకు తగులుతోందా చూడాలి. పొడవాటి మనిషికి పాత సీటు వీపు భుజాల దగ్గరే ఆగిపోతుంది, వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ విరుచుకుపోతుంది, కాబట్టి తల ఆనేదాకా ఎత్తు పెంచడం సోకు కాదు, అవసరం. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు 2019లో దీన్ని గట్టిగానే చెప్పింది. ఫోము, బట్ట మార్చినంత మాత్రాన ఆర్‌సీలో ఏ గడీ మారదు. క్యాబిన్ గోడ కోయడం, సీట్ల సంఖ్య మార్చడం మాత్రం గీత దాటడమే.

ఇంత తంటా ఎందుకు, సీటు జరిగే కొత్త బండి కొనుక్కోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. కొనగలిగినవాళ్ళు కొంటారు. కిస్తీలు తీరిన పాత బండి మీదే బతుకుతున్న కుటుంబానికి ఆ సలహా పనికిరాదు. ప్రభుత్వం కూడా డ్రైవరు సుఖాన్ని పై మెట్టు నుంచే మొదలుపెట్టింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసిన నిబంధన మూడున్నర టన్నులు దాటిన బండ్లకే వర్తిస్తుంది. మన మార్కెట్ యార్డుల ముందు బారులు తీరే చిన్న పికప్‌లు చాలావరకు ఆ లెక్కలోకి రావు, పాత బండ్లయితే అసలే రావు. పొడవాటి డ్రైవర్లు ఎంతమంది ఉంటారులే అన్న మాట కూడా వినిపిస్తుంది. ఎంతమంది ఉన్నా, నడుము నొప్పితో వాళ్ళు పోగొట్టుకునే కిరాయి దినాలు నిజమైనవే. సగటు మనిషికి అమరిన క్యాబిన్‌లో పొట్టివాడికీ ఇబ్బందే ఉంటుంది, అది ఇంత కొట్టొచ్చినట్టు కనబడదంతే.

ఈ పనికి ఉన్న అసలు లోటు నైపుణ్యంలో కాదు, రాతలో ఉంది. ఏ మోడలులో సీటు ఎంత వెనక్కి పోతుంది, బోల్టులు ఎక్కడున్నాయి, అడుగున ట్యాంకుందా ఇంజినుందా, ఏ ఫోము ఎన్నేళ్ళు నిలిచింది అన్న వివరమంతా మేస్త్రీ చేతుల్లో ఉండి, షాపు మూతపడితే దానితోపాటే పోతుంది. వనపర్తి పాత రాజభవనంలో నడిచే ప్రభుత్వ పాలిటెక్నిక్ విద్యార్థులకు ప్రాజెక్టు పని చేయక తప్పదు. వాళ్ళలో ఒక జట్టు నాలుగు మోడళ్ళ పికప్‌లను ఎంచుకొని, సీటు షాపుకు వచ్చే డ్రైవర్లను కొలిచి, మోడలుకో డ్రాయింగు షీటు తయారుచేస్తే అది గోడకు అంటించుకొని వాడుకునే వస్తువవుతుంది. ఆ షీటు మీద కదపదగిన బోల్టులు ఒక రంగులో, ముట్టుకోకూడనివి ఇంకో రంగులో ఉండాలి. కొలిచేది విద్యార్థులైనా ఏది కొలవాలో చెప్పాల్సింది మాత్రం మేస్త్రీయే, షీటు మీద ఆయన పేరు ముందు వేయాలి.