పాడుబడ్డ గోడను చూడటం

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉమటిల్లా ఆదివాసుల రిజర్వేషన్ ఉంది. అక్కడ ఒకప్పుడు మిషన్ బడి నడిచిన భవనంలో ఇప్పుడు క్రోస్ షాడో అనే ముద్రణ కళాకేంద్రం నడుస్తోంది. దాన్ని 1992లో స్థాపించినవారిలో వల్లావల్లా తెగ చిత్రకారుడు జేమ్స్ లావడూర్ ఒకరు.

అక్కడ లితోగ్రాఫులు, అంటే రాతి అచ్చు బొమ్మలు వేస్తారు. రాయి మీదో లోహపు పలక మీదో జిడ్డు పెన్సిలుతో గీసి, తడిపి, సిరా పూస్తారు. తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుతుంది.

లావడూర్ చిత్రాల్లో ముందు కొండలే కనిపిస్తాయి. కొన్నింటిలో వాటి మీద గోడల్లాంటి గీతలు నిలబడతాయి. ఎవరో కట్టి వదిలేసినట్టుంటాయి. మనిషి కనపడడు. రంగు వాగునీరులా కారి గోడల్నీ కలిపేసుకుంటుంది. బయటివాళ్లు మన శిథిలాలను గీస్తే అందులో జాలి ఉంటుంది. ఇక్కడ జాలి లేదు. కట్టడం పోయినా నేల ఉందన్న ధీమా ఉంది.

మాకు ఒక లోటు కనిపించింది. ఆ గోడ ఎవరు కట్టారు, ఎందుకు వదిలారు? రంగుల అందం ఈ ప్రశ్నను మరిపిస్తుంది.

మన గూడేల్లోనూ పిల్లలు తక్కువని మూసిన బడులున్నాయి. టీచర్లు ఆ బడిని పిల్లలచేత గీయించాలి. ఎప్పుడు కట్టారో, ఎందుకు మూశారో పెద్దల్ని అడిగి బొమ్మ కింద రాయించాలి. అక్కడివాళ్లు పాత మిషన్ బడిలో తమ బొమ్మలు తామే అచ్చు వేసుకుంటున్నారు. మనమూ మన బడి తాళంచెవి అడుగుదాం.